మన బెజవాడకి ఓ ఫుట్‌బాల్ టీమ్ నిలబడుతుందా?

ఆ మధ్య ఓ ఆదివారం పొద్దున్నే పెసరట్లకి పిండి రుబ్బుతుంటే మా అమ్మాయి స్కూలు గ్రౌండ్ నుంచి వచ్చి, బూట్లు గుమ్మంలోనే విప్పేసి వంటింటి గడప మీద కూలబడింది. ముఖం చూస్తే ఏదో జరిగిందని తెలుస్తూనే ఉంది. మంచినీళ్లిచ్చి అడిగితే అప్పుడు చెప్పింది. "మా టీమ్ ఇంక ఉండదటమ్మా. ఎనిమిదో క్లాసులో పద్నాలుగు మందిమి. తొమ్మిదికొచ్చేసరికి ఆరుగురం మిగిలాం. ఆరుగురితో ఫుట్‌బాల్ ఏం ఆడతాం అంటున్నారు మాస్టారు."

కాసేపాగి ఇంకో మాటంది. "అసలు మన ఊరికి పెద్ద టీమ్ ఒకటుంటే ఇలా మానేసేవాళ్లా?"

పెసరట్టు తిరగేస్తూ "ఏమోనే" అన్నాను గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నేను చదివింది ఇంటర్మీడియట్. ఆటల గురించి నాకు తెలిసింది అంతంతమాత్రం. అయినా పిల్ల అడిగింది కదా అని నెల రోజులు మావారినీ, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయినీ అడిగీ, పేపర్లు తిరగేసీ కొంత తెలుసుకున్నాను. జీతాలిచ్చి ఆడించే ఫుట్‌బాల్ టీమ్ మన విజయవాడ లాంటి ఊళ్లో నిలబడుతుందా అన్నదే నా ప్రశ్న. ఇది మగవాళ్ల ముచ్చట అనుకుని పేజీ తిప్పెయ్యకండి. చివరికొచ్చేసరికి సంగతంతా మన వంటింట్లోనే ఉందని తేలింది.

హైదరాబాద్ కథ

ముందు మనకి దగ్గరి సంగతి చూద్దాం. ఒకప్పుడు హైదరాబాద్ అంటే ఫుట్‌బాలే. సయ్యద్ అబ్దుల్ రహీం గారని ఒక స్కూలు మాస్టారు ఉండేవారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెల్చింది. ఆయన శిక్షణలోనే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం గెల్చింది. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే. ఆ రోజుల్లో ఆటగాడికి పోలీసు ఉద్యోగం ఉండేది. నెల తిరిగేసరికి ఇంటికి జీతం వచ్చేది. కాబట్టి ఇంట్లో ఇల్లాలికి దిగులుండేది కాదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది.

ఇప్పటి కాలానికొస్తే, 2014లో ఐ.ఎస్.ఎల్. అని మొదలైంది. ఐ.పి.ఎల్. క్రికెట్ లాంటిదే, ఫుట్‌బాల్‌కి. 2019లో పూణె జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్.సి. వచ్చింది. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీలతో గెలిచి దేశానికే చాంపియన్ అయింది. అయితే కరోనా మూలంగా ఆ సీజన్ ఆటలన్నీ గోవాలోనే పెట్టారు. చాంపియన్ అయిన ఆ ఏడాది సొంత ఊళ్లో ఒక్క ఆటా ఆడలేదన్నమాట!

ఆ తర్వాత 2022 చివర్లో మా అబ్బాయి నన్ను గచ్చిబౌలి స్టేడియంకి తీసుకెళ్లాడు. జీవితంలో మొదటిసారి అంత పెద్ద పచ్చిక మైదానం చూశాను. చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లులు కూడా కనిపించారు. మావాడు పసుపు రంగు చొక్కా కొనుక్కుని గొంతు పోయేలా అరిచాడు. నాకూ సరదాగానే ఉంది. కానీ ఏడాది తిరిగేసరికి జీతాల బకాయిలని వార్తలొచ్చాయి, మంచి ఆటగాళ్లు వెళ్లిపోయారు, 2023-24లో జట్టు అట్టడుక్కి పడింది. చేతులు మారి, 2025లో పేరు కూడా మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. మావాడి పసుపు చొక్కా ఇప్పుడు మా ఇంటి బీరువాలో మడత పెట్టి ఉంది. అంత మహానగరంలోనే నిలవనిది మన ఊళ్లో నిలుస్తుందా అని మావారు ఒక్క ముక్కలో తేల్చేశారు.

మన కోస్తాకీ ఓ జట్టు వచ్చినట్టే వచ్చింది. శ్రీనిధి డెక్కన్ అనే జట్టు విశాఖపట్నం పేరు మీద 2021-22లో ఐ-లీగ్‌లో చేరింది. ఐ-లీగ్ అంటే ఐ.ఎస్.ఎల్. తర్వాతి మెట్టు. ఆ జట్టు 2022-23లోనూ, 2023-24లోనూ రెండో స్థానం తెచ్చుకుంది. ఆడిందేమో హైదరాబాద్ శివార్లలోని సొంత మైదానంలో. విశాఖ వాళ్లకి పేరే మిగిలింది.

చిన్న ఊళ్లు ఏం చేశాయి?

మావారి మాటకి నేనూ తలూపేదాన్నే గానీ, మా అబ్బాయి ఐజాల్ సంగతి చెప్పాడు. మిజోరం రాజధాని. 2011 జనాభా లెక్కల ప్రకారం మూడు లక్షల మందికన్నా తక్కువ. అదే లెక్కలో మన విజయవాడ పది లక్షలు దాటింది. ఆ చిన్న కొండ ఊరి జట్టు ఐజాల్ ఎఫ్.సి. 2016లో ఐ-లీగ్ నుంచి కిందికి జారిపోవాల్సింది. గోవా జట్లు కొన్ని తప్పుకోవడంతో దానికి మళ్లీ చోటు దొరికింది. మరుసటి ఏడాది, 2017 ఏప్రిల్ 30న షిల్లాంగ్‌లో ఆఖరి ఆట 1-1తో సమం చేసుకుని, కలకత్తా పెద్ద జట్లని వెనక్కి నెట్టి దేశ చాంపియన్ అయింది!

అక్కడ ముందు పేటకో జట్టుంది. చన్‌మారి, ఛింగా వెంగ్ అని అక్కడి జట్ల పేర్లు చాలావరకూ పేటల పేర్లే. మనకి సత్యనారాయణపురం జట్టు, పటమట జట్టు, చిట్టినగర్ జట్టు ఉన్నట్టు అనుకోండి. 2012లో వాళ్లంతా కలిసి ఒక లీగ్ పెట్టుకుంటే, ఊళ్లో కేబుల్ టీవీ జోనెట్ దానికి డబ్బిచ్చి ఇంటింటికీ చూపించింది. తల్లి కూరలు తరుగుతూ కొడుకు ఆట టీవీలో చూసిందన్నమాట. అలా అయిదేళ్లు గడిచాక చాంపియన్‌షిప్ వచ్చింది.

ఇంకోటి కేరళలో కోళికోడ్ జట్టు, గోకులం కేరళ. ఆ పేరు వెనక ఉన్నది చిట్టీల కంపెనీ. అవునండీ, మనం నెల నెలా కట్టే చిట్టీల్లాంటివే! 2017లో మొదలైన ఆ జట్టు 2020-21, 2021-22 ఐ-లీగ్ గెల్చింది. ఆడపిల్లల జట్టయితే భారత మహిళల లీగ్ వరసగా మూడుసార్లు గెల్చింది.

మరీ చిన్న ఊరు కావాలంటే స్పెయిన్‌లో ఐబార్ ఉంది. జనాభా ఇరవై ఏడు వేలు. 2014లో వాళ్ల జట్టు గెలిచి దేశంలోకెల్లా పెద్ద లీగ్‌కి అర్హత సంపాదిస్తే, మూలధనం చాలదు, పదిహేడు లక్షల యూరోలు తెస్తేనే రానిస్తామన్నారు. వాళ్లు అప్పు చెయ్యలేదు. వాటా యాభై యూరోలు చొప్పున అమ్మకానికి పెట్టారు. ఎక్కడెక్కడి వాళ్లో కొన్నారు. డబ్బు సమకూరింది. ఏడేళ్లు, 2021 దాకా, బార్సిలోనా లాంటి జట్లతో ఆ లీగ్‌లో ఆడారు.

ఇది వింటే నాకు మన పాల ప్రాజెక్టు గుర్తొచ్చింది. కృష్ణా జిల్లా ఊళ్లలో ఒక గేదె ఉన్నావిడ లీటరు పాలు పోస్తుంది, పది గేదెలున్నాయన పది లీటర్లు పోస్తాడు. అందరివీ కలిపితేనే అంత పెద్ద డెయిరీ నడుస్తోంది. ఆట మనకి కొత్త కావచ్చు గానీ, కలిపి పొయ్యడం మనకి కొత్త కాదు కదా!

మన ఊరికి లోటేమిటి?

మన బందరు రోడ్డు మీద ఇందిరాగాంధీ స్టేడియం ఉంది. 2002 నవంబర్ 24న అక్కడ ఇండియా, వెస్టిండీస్ వన్డే జరిగినప్పుడు ఊరంతా అటే. మనవాళ్లు ఓడిపోయినా జనం సంబరం తగ్గలేదు. కాబట్టి మన ఊరి వాళ్లకి ఆటంటే ఇష్టం లేదనడానికి లేదు. అయితే అది పుష్కరాల లాంటి సంబరం. ఎప్పుడో ఒకసారి వస్తే లక్షల మంది కదులుతాం. జట్టు నిలబడాలంటే అలా కాదు, ఏడాదికి పది శనివారాలు మళ్లీ మళ్లీ రావాలి. గెలిచినా రావాలి, ఓడినా రావాలి. జాతరకి వెళ్లడం వేరు, రోజూ గుడికి వెళ్లడం వేరు.

ఇంకో సంగతి ఆలోచించాను. మన కృష్ణా జిల్లా ఎంతమంది చాంపియన్లని ఇచ్చిందో చూడండి. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి చదరంగంలో 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఏషియన్ గేమ్స్‌లో విలువిద్యలో మూడు బంగారు పతకాలు తెచ్చింది. ఇద్దరి వెనకా తల్లిదండ్రుల కష్టం ఉంది. హంపికి తండ్రే మొదటి గురువు.

గమనించారా? ఇవన్నీ ఒక్కరు ఆడే ఆటలు. మనం మన పిల్ల కోసం పొలం అమ్మమన్నా అమ్ముతాం. అదే పక్కింటి పిల్ల కూడా ఆడితే గానీ మన పిల్ల ఆడలేని ఆట అంటే వెనకాడతాం. ఫుట్‌బాల్‌కి పదకొండు మంది కావాలి. నా కూతుర్ని ఒక్కదాన్నే నేను ఎంత బాగా పెంచినా, మిగిలిన పది ఇళ్ల తల్లులు ఒప్పుకోకపోతే అది ఇంట్లో కూర్చోవాల్సిందే. మా అమ్మాయి స్కూల్లో జరిగింది అదే. మన ఊరికి టీమ్ లేకపోవడానికి కారణం కూడా, నాకు తోచినంతవరకూ, అదే.

ఇల్లాలి లెక్క

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి. ఐ.ఎస్.ఎల్.లో ఒక్కో జట్టు ఆటగాళ్ల జీతాలకి ఏటా పదహారున్నర కోట్లు మించకూడదని కొన్నేళ్లు హద్దు పెట్టారు. హద్దే అంతయితే అది మన తాహతు కాదు. అంత పెద్ద లీగ్‌కి కూడా నిర్వాహకుల ఒప్పందాల చిక్కు వచ్చి 2025లో మొదలవ్వాల్సిన సీజన్ వాయిదా పడింది. దాని జోలికి మనం పోవద్దు.

పాలవాడి లెక్క రాసే పుస్తకం వెనక నేను వేసిన లెక్క ఇది. ఇరవై అయిదు మంది ఆటగాళ్లు. ఒక్కొక్కరికి నెలకి పాతిక వేలు. అంటే నెలకి ఆరు లక్షల పాతిక వేలు. పది నెలలకి అరవై రెండున్నర లక్షలు. కోచ్ జీతం, రైలు ఛార్జీలు, తిండి, మైదానం అద్దె, దెబ్బ తగిలితే వైద్యం, ఇవన్నీ కలుపుకుంటే మొత్తం కోటిన్నర అనుకున్నాను.

ఇక రాబడి. ఒక్కో ఆటకి మూడు వేల మంది, టికెట్ యాభై రూపాయలు, సొంత ఊళ్లో పది ఆటలు. పదిహేను లక్షలు. అంతే! పప్పులో ఉప్పుకి కూడా చాలదు. టికెట్ల మీదే జట్టు నడుస్తుందనుకుంటే హైదరాబాద్ కథే అవుతుంది.

కానీ అయిదు వేల కుటుంబాలు నెలకి వంద రూపాయలు కడితే? నెలకి అయిదు లక్షలు, ఏడాదికి అరవై లక్షలు. ఆటగాళ్ల జీతాలు దాదాపు గట్టెక్కినట్టే. మన ఊళ్లో వంద ఇళ్లకి రెండు ఇళ్లు ఒప్పుకుంటే అయిదు వేల కుటుంబాలవుతాయి. మిగతాది బీసెంట్ రోడ్డు చీరల కొట్లు, నగల దుకాణాలు, స్వీట్ల షాపులు, పచ్చళ్ల వ్యాపారులు చొక్కా మీద పేరు వేసుకుని ఇవ్వాలి. ఇక్కడ డ్వాక్రా గ్రూపుల్లో పొదుపు చేసిన అక్కచెల్లెళ్లకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మనది అనుకున్నదానికే మనిషి వంద రూపాయలు తీస్తాడు. పక్క వీధి పిల్లాడు ఆడుతుంటే అది మనది. ఎక్కడివాళ్లో వచ్చి ఆడి వెళ్లిపోతే అది తమాషా.

అందుకే నాకు తోచిన క్రమం ఇది. ముందు పేట జట్లు, తర్వాత ఊరి లీగ్, ఆ పైన రాష్ట్ర లీగ్. 2023లో ఐ-లీగ్ 3 అని మొదలుపెట్టి రాష్ట్ర లీగుల్లోంచి జట్లని తీసుకున్నారు. అంటే కింది నుంచి ఎక్కే నిచ్చెన అంటూ ఒకటి ఉంది. హైదరాబాద్‌లో పైకప్పు ముందు వేసి గోడలు తర్వాత కడదామనుకున్నారు. ఐజాల్ వాళ్లు పునాది తవ్వుకున్నారు. మన రాష్ట్రంలోనే అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు వాళ్లు పల్లె పిల్లలకి, ఆడపిల్లలకి కూడా, ఫుట్‌బాల్, హాకీ నేర్పుతూ వచ్చారు. కరువు సీమలో అది సాధ్యమైతే కాలవల సీమలో ఎందుకు కాదు?

సాయంత్రం నాలుగు నుంచి ఆరు

ఇంత లెక్క వేశాక ఒక రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా అబ్బాయి పదో క్లాసులో ఉన్నప్పుడు వాడి ఆట బూట్లు పాతసామాన్లవాడికి వేసింది నేనే. ట్యూషన్ టైముకి గ్రౌండ్‌లో ఉంటున్నాడని. వాడు ఒక్క మాట అనలేదు. గచ్చిబౌలిలో గొంతు పోయేలా అరుస్తుంటే మాత్రం, వీడు ఆడాల్సినవాడు కదా, చూసేవాడుగా ఎందుకు మిగిలాడు అనిపించి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మన ఊరు చదువుల ఊరు. ఇంటర్ కాలేజీలకి రాష్ట్రం నలుమూలల నుంచీ పిల్లలొస్తారు. ఎనిమిదో క్లాసు నుంచే ఫౌండేషన్ కోర్సు అంటాం. పిల్లల సాయంత్రాలు అక్కడ అయిపోతున్నాయి. చదువు వద్దని నేను అనడం లేదు. ఆటే కూడు పెడుతుందనీ అనను. రోజూ కాకపోయినా వారానికి మూడు సాయంత్రాలు, నాలుగు నుంచి ఆరు దాకా ఇవ్వమంటున్నాను. ఆ రెండు గంటలు ఇవ్వలేని ఊరికి కోట్లు పోసినా టీమ్ నిలవదు.

ఆడపిల్లల విషయంలో భయాలు వేరే ఉన్నాయి. నల్లబడుతుందనీ, కాలు విరిగితే సంబంధం రాదనీ. నాకూ ఉన్నాయి. కానీ నిజామాబాద్ జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్యని చూడండి. గోకులం కేరళకి ఆడింది, ఈస్ట్ బెంగాల్‌కి ఆడింది, 2022లో క్రొయేషియా జట్టుకి వెళ్లింది. 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణిగా ఎంచుకుంది. సంతోషమే. కానీ ఆ బిడ్డ కేరళకీ, కలకత్తాకీ వెళ్లాల్సి వచ్చింది. సొంత ఊరికి దగ్గర్లో జట్టుంటే తల్లి రాత్రికి అన్నం పెట్టి పడుకోబెట్టేది కదా! మా మాస్టారు కూడా మా అమ్మాయిని వేరే రాష్ట్రం అకాడమీకి పంపమంటున్నారు. పధ్నాలుగేళ్ల పిల్లని అంత దూరం పంపడానికి నాకు మనసొప్పడం లేదు. పంపకపోతే ఆట ఆగిపోతుంది. ఊరికి టీమ్ ఉండాలని నేనడిగేది ఇందుకే.

ఆడి వచ్చే పిల్లలకి

వంటల పేజీ చదివేవారి కోసం నాలుగు ముక్కలు. ఆటకి వెళ్లే ముందు కడుపునిండా పెట్టకండి, గంట ముందు ఒక అరటిపండు చాలు. మన బెజవాడ ఎండకి సీసా నీళ్లలో చిటికెడు ఉప్పు, చెంచా పంచదార, నిమ్మరసం కలిపి ఇవ్వండి. వచ్చాక రాగిజావ మజ్జిగలో కలిపి గానీ, నువ్వుల చిమ్మిలి ఉండ, ఉడికించిన శనగలు గానీ పెడితే ఖర్చు తక్కువ, బలం ఎక్కువ. మట్టి మేజోళ్లు వెంటనే సబ్బు పెట్టి రుద్దకండి. ఆరనిచ్చి, దులిపి, తర్వాత నానబెడితే మరక సులువుగా పోతుంది.

చివరిగా ఇంటి కబురు. పోయిన నెలలో, మానేసిన పిల్లల ఇళ్లకి నేనే వెళ్లాను. ఒకావిడ "మీ అమ్మాయికి చదువు మీద శ్రద్ధ లేదా వదినగారూ?" అంది. ఇంకొకావిడ తలుపు దగ్గరి నుంచే పంపేసింది. నలుగురు మాత్రం ఆదివారం ఒక్కరోజయితే సరే అన్నారు. మావారు మొదట విసుక్కున్నారు గానీ, రెండో ఆదివారం స్కూటర్ మీద ఇద్దరు పిల్లల్ని ఆయనే దింపి వచ్చారు. కొత్తగా సందు చివరి ఇస్త్రీ బండి ఆయన కూతురు చేరింది. బూట్లు లేకుండానే మా అమ్మాయికన్నా వేగంగా పరిగెడుతోంది!

బెజవాడకి టీమ్ నిలబడుతుందా అంటే, నిలబడుతుందనే నేను అంటాను. కాకపోతే పదేళ్లు పడుతుంది. అది స్టేడియంలో మొదలవ్వదు, మన గుమ్మాల్లో మొదలవ్వాలి. ప్రస్తుతం మా జట్టులో పదకొండు మంది ఉన్నారు. ఎవరికైనా జ్వరం వస్తే పదిమందే. ఇంకో ఇద్దరు ముగ్గురు కావాలి. మీ ఇంట్లో గానీ, మీ పక్కింట్లో గానీ, పరిగెత్తే పిల్ల ఉందా?